మురుగునీటిలో మొండి శిలీంధ్రం జాడ

రోగి మంచం పట్టకముందే హెచ్చరిక సాధ్యమేనంటున్న పరిశోధనలు * పోలియో నిఘా నేర్పిన పాఠం అక్కరకు వచ్చేనా?

న్యూఢిల్లీ: మందులకు లొంగని ఒక శిలీంధ్రం దేశంలోని పెద్ద ఆసుపత్రుల ఇంటెన్సివ్ కేర్ విభాగాలలో దశాబ్దానికి పైగా తిష్ఠ వేసి ఉంది. రోగి రక్తంలోకి ప్రవేశించిన తర్వాతగాని దాని ఉనికి చాలాచోట్ల బయటపడడం లేదు. అప్పటికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతోంది. ఆసుపత్రుల నుంచి, నివాస ప్రాంతాల నుంచి ప్రవహించే మురుగునీటిని క్రమం తప్పకుండా పరీక్షిస్తే ఈ శిలీంధ్రం జాడను ముందుగానే పసిగట్టవచ్చునని అమెరికాలో 2023 నుంచి వెలువడుతున్న పరిశోధనలు సూచిస్తున్నాయి.

పోలియో వైరస్‌ను మురుగునీటిలో వెతికి పట్టడంలో భారతదేశానికి రెండు దశాబ్దాలకు పైబడిన అనుభవం ఉంది. కోవిడ్ కాలంలో ఆ అనుభవం మరింత విస్తరించింది. అదే పద్ధతిని మందులకు లొంగని శిలీంధ్రాలకు కూడా వర్తింపజేయవలసిన సమయం ఆసన్నమైందా అన్నది ఇప్పుడు ప్రజారోగ్య రంగం ముందున్న ప్రశ్న.

చెవిలో పుట్టిన పేరు

ఈ శిలీంధ్రం పేరు కాండిడా ఆరిస్. ఇది ఈస్ట్ జాతికి చెందినది. లాటిన్ భాషలో ఆరిస్ అంటే చెవి. 2009లో జపాన్ రాజధాని టోక్యోలో 70 ఏళ్ల వృద్ధురాలి చెవి నుంచి సేకరించిన స్రావంలో దీనిని మొదటిసారిగా గుర్తించడంతో ఆ పేరు పెట్టారు. దక్షిణ కొరియాలో 1996లోనే సేకరించి భద్రపరచిన ఒక నమూనాలో కూడా ఇదే ఉన్నట్టు తర్వాత తేలింది. 2024లో శాస్త్రజ్ఞులు దీనిని కాండిడోజైమా అనే కొత్త ప్రజాతిలోకి మార్చినప్పటికీ, వైద్యుల వాడుకలో పాత పేరే నిలిచి ఉంది.

భారతదేశంలో దీని ఉనికిని ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన వల్లభ్‌భాయ్ పటేల్ ఛెస్ట్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకురాలు డాక్టర్ అనురాధా చౌదరి, ఆమె సహచరులు 2013లో వెల్లడించారు. ఢిల్లీలోని రెండు ఆసుపత్రులలో 12 మంది రోగుల నుంచి వారు దీనిని వేరుచేశారు. అంతకుముందు ప్రయోగశాలలు దీనిని కాండిడా హెములోనై అనే దగ్గరి బంధువుగా పొరబడుతూ వచ్చాయి.

అయితే ఇది ఢిల్లీకే పరిమితమైన సమస్య కాదని త్వరలోనే రుజువైంది. చండీగఢ్‌లోని పోస్ట్ గ్రాడ్యుయేట్ వైద్య విద్యా పరిశోధన సంస్థ నాయకత్వాన 2011-12లో దేశవ్యాప్తంగా 27 ఇంటెన్సివ్ కేర్ విభాగాలలో అధ్యయనం జరిగింది. రక్తంలో కాండిడా సోకిన 1,400 మంది రోగులను పరిశీలించగా 74 మందిలో కాండిడా ఆరిస్ కనిపించింది. మొత్తం 27 విభాగాలలో 19 చోట్ల ఇది ఉండడం గమనార్హం. ఆ నాటికే ఇది దేశం నలుమూలలా పాకిపోయిందన్న మాట.

పొరుగుదేశమైన పాకిస్తాన్‌లో 2014-15లో కరాచీలోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఇది చెలరేగింది. అక్కడ కూడా మొదట దీనిని రొట్టెల తయారీలో వాడే ఈస్ట్‌గా పొరబడ్డారు. ఆ ఉదంతంతోనే అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రం (సీడీసీ) అప్రమత్తమై 2016లో వైద్యులందరికీ హెచ్చరిక జారీ చేసింది.

మూడు అస్త్రాలు, మూడింటికీ ఎదురు

శిలీంధ్రాలతో పోరాటంలో వైద్యుల చేతిలో ఉన్న మందులు తక్కువ. శిలీంధ్ర కణానికి, మానవ కణానికి నిర్మాణంలో పోలికలు ఎక్కువ. శిలీంధ్రాన్ని చంపే మందు రోగి కణాలకు కూడా హాని చేసే ప్రమాదం ఉంది. అందువల్ల రక్తంలోకి చేరిన శిలీంధ్రాల చికిత్సకు ప్రధానంగా మూడు తరగతుల మందులే మిగిలాయి. ఫ్లూకొనజోల్ వంటి అజోల్‌లు మొదటివి. ఆంఫోటెరిసిన్-బి రెండవది. ఎకినోకాండిన్‌లు మూడవవి.

భారత్, పాకిస్తాన్, దక్షిణాఫ్రికా, వెనిజులా దేశాలలో 2012-15 మధ్య సేకరించిన 54 మంది రోగుల నమూనాలను అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల బృందం పరీక్షించింది. వాటిలో 93 శాతం ఫ్లూకొనజోల్‌కు, 35 శాతం ఆంఫోటెరిసిన్-బికి, 7 శాతం ఎకినోకాండిన్‌లకు లొంగలేదు. రెండు తరగతుల మందులకు లొంగనివి 41 శాతం కాగా, మూడింటికీ లొంగనివి 4 శాతం. వారిలో 59 శాతం మంది రోగులు మరణించారు. వీరిలో చాలామంది అప్పటికే ఇతర జబ్బులతో తీవ్రంగా బలహీనపడినవారు కనుక మరణాలన్నిటినీ శిలీంధ్రానికే అంటగట్టలేము. అయినా సంఖ్య చిన్నది కాదు.

ఎకినోకాండిన్‌లు ఇంజక్షన్ రూపంలోనే అందుబాటులో ఉన్నాయి. ఖరీదు ఎక్కువ. సామాన్య కుటుంబానికి రోజుల తరబడి ఆ మందు కొనడం తలకు మించిన భారం. ఉన్న మూడింటిలో చౌకగా దొరికే ఫ్లూకొనజోలే పనిచేయకపోవడం మన దేశ పరిస్థితులలో మరింత ఆందోళనకరం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 అక్టోబరులో శిలీంధ్రాలకు సంబంధించి మొట్టమొదటి ప్రాధాన్య జాబితాను ప్రకటించింది. మొత్తం 19 శిలీంధ్రాలలో అత్యంత ప్రమాదకరమైన నాలుగింటిని మొదటి వరుసలో చేర్చింది. కాండిడా ఆరిస్ ఆ నాలుగింటిలో ఒకటి.

కోవిడ్ తొలి దశలో, 2020 ఏప్రిల్-జూలై మధ్య, ఢిల్లీలో ఒక ఇంటెన్సివ్ కేర్ విభాగంలో చేరిన 596 మంది కోవిడ్ రోగులలో 15 మందికి రక్తంలో కాండిడా సోకింది. వారిలో పది మందికి సోకింది ఈ మొండి రకమే. ఆ పదిమందిలో ఆరుగురు మరణించారు. మరుసటి ఏడాది దేశంలో 45 వేల మందికి పైగా బ్లాక్ ఫంగస్ బారిన పడినప్పుడు ఆంఫోటెరిసిన్-బి కోసం బంధువులు పడిన పాట్లు ప్రజలు ఇంకా మరచిపోలేదు. బ్లాక్ ఫంగస్ వేరు, కాండిడా ఆరిస్ వేరు. కాని శిలీంధ్ర వ్యాధులు ఒక్కసారిగా విజృంభిస్తే మన వైద్య వ్యవస్థ ఎంత ఇరకాటంలో పడుతుందో ఆ ఉదంతం కళ్లకు కట్టింది.

చర్మంపై తిష్ఠ, నీటిలో జాడ

ఇతర కాండిడా జాతులు సాధారణంగా మనిషి పేగులలో నివసిస్తాయి. కాండిడా ఆరిస్ మాత్రం చర్మాన్ని ఆశ్రయిస్తుంది. చంకలు, గజ్జలు దానికి అనువైన చోట్లు. జబ్బు లక్షణం ఒక్కటీ లేకుండానే నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ల తరబడి ఒక మనిషి ఒంటిపై అది ఉండిపోగలదు. అక్కడి నుంచి పరుపులకు, మంచం కమ్మీలకు, రక్తపోటు కొలిచే పట్టీలకు, థర్మామీటర్లకు అంటుకుంటుంది. పొడి ఉపరితలాలపై వారాల తరబడి బతుకుతుంది. ఆసుపత్రులలో వాడే కొన్ని రకాల క్రిమిసంహారకాలు దానిపై సరిగా పనిచేయవు. క్లోరిన్ ఆధారిత ద్రావణాలే మేలని నిపుణులు చెబుతున్నారు.

ఈ లక్షణమే మురుగునీటి నిఘాకు ఆధారమైంది. శిలీంధ్రాన్ని ఒంటిపై మోస్తున్న వ్యక్తి స్నానం చేసినా, చేతులు కడుక్కున్నా, అతని దుస్తులు, దుప్పట్లు ఉతికినా కొంత శిలీంధ్రం నీటితోపాటు కాలువలోకి చేరుతుంది. మూత్రంలో కూడా అది బయటికి పోవచ్చు. రోగి ఎవరో తెలియకపోయినా, అతడు ఆసుపత్రికి వెళ్లకపోయినా, ఆ ప్రాంతపు మురుగు మాత్రం అబద్ధం చెప్పదు.

లాస్ వెగాస్ అనుభవం

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో 2021 ఆగస్టు నుంచి ఆసుపత్రులలో, వృద్ధుల సంరక్షణాలయాలలో కాండిడా ఆరిస్ చెలరేగింది. 2022లో అమెరికా మొత్తం మీద 2,377 మందికి ఈ వ్యాధి సోకినట్టు నమోదు కాగా, ఆ రాష్ట్రం ముందు వరుసలో నిలిచింది. 2023 నాటికి దేశవ్యాప్త సంఖ్య 4,514కు చేరింది.

ఆ సమయంలోనే దక్షిణ నెవాడా పరిశోధకులు లాస్ వెగాస్ పరిసరాలలోని మురుగు శుద్ధి కేంద్రాలపై దృష్టి సారించారు. 2023లో వారు ప్రచురించిన ఫలితాల ప్రకారం 91 నమూనాలలో 72 నమూనాలలో ఈ శిలీంధ్రం కనిపించింది. వ్యాధి చెలరేగిన ఆసుపత్రుల మురుగు వచ్చి చేరే కేంద్రాలలో 94 శాతం నమూనాలలో అది ఉండగా, అటువంటి ఆసుపత్రులు లేని ప్రాంతాల కేంద్రాలలో 20 శాతం నమూనాలలోనే ఉంది. ఆసుపత్రిలో జరుగుతున్నదానికి, కాలువలో కనిపిస్తున్నదానికి మధ్య సంబంధం ఉన్నట్టు ఈ తేడా తేటతెల్లం చేసింది.

తర్వాత 2023 సెప్టెంబరు నుంచి 2024 మార్చి వరకు 41 రాష్ట్రాలలోని 190 శుద్ధి కేంద్రాలలో విస్తృత పరిశీలన జరిగింది. వాటిలో సుమారు మూడో వంతు కేంద్రాలలో కనీసం ఒక్కసారైనా దీని జన్యు పదార్థం బయటపడింది. ఆసుపత్రులు, నర్సింగ్ హోములు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో కనిపించే అవకాశం అధికమని తేలింది.

ఎలా పట్టుకుంటారు?

శుద్ధి కేంద్రంలోకి ప్రవేశించే మురుగును 24 గంటల పాటు కొద్దికొద్దిగా సేకరించి కలుపుతారు. లేదా అడుగున పేరుకునే చిక్కటి మడ్డిని తీసుకుంటారు. శిలీంధ్ర కణాలు ఘన పదార్థాన్ని అంటిపెట్టుకునే స్వభావం గలవి కనుక మడ్డిలో అవి దొరికే అవకాశం ఎక్కువ. అనంతరం రెండు మార్గాలున్నాయి.

మొదటిది పీసీఆర్ పరీక్ష. కోవిడ్ పుణ్యమా అని ఈ పేరు ఇప్పుడు పల్లెల్లో కూడా తెలుసు. నమూనాలోని జన్యు పదార్థాన్ని వెలికితీసి, కాండిడా ఆరిస్‌కు మాత్రమే ప్రత్యేకమైన భాగాన్ని అనేక రెట్లు పెంచి గుర్తిస్తారు. ఫలితం త్వరగా వస్తుంది. కాని అది బతికి ఉన్న శిలీంధ్రమా, చచ్చినదా అన్న సంగతి దీనితో తెలియదు.

రెండవది సాగు పద్ధతి. మురుగునీటిలో అసంఖ్యాకమైన ఇతర సూక్ష్మజీవులు ఉంటాయి. వాటి మధ్య దీనిని వేరుచేయడానికి శాస్త్రజ్ఞులు దీని మొండితనాన్నే ఉపయోగించుకుంటున్నారు. ఉప్పు బాగా కలిపిన పోషక ద్రావణంలో, 42 డిగ్రీల సెల్సియస్ వేడిలో నమూనాను ఉంచితే ఇతర జీవులలో చాలా భాగం పెరగలేవు. కాండిడా ఆరిస్ మాత్రం తట్టుకొని పెరుగుతుంది. ఇందుకు రోజులు పడుతుంది. అయితే బతికి ఉన్న శిలీంధ్రం చేతికి చిక్కుతుంది గనుక ఏ మందుకు లొంగుతుందో, దేనికి లొంగదో పరీక్షించవచ్చు. దాని జన్యుక్రమాన్ని చదివి, రోగులలో దొరికిన రకంతో పోల్చవచ్చు.

అజోల్ మందులకు లొంగకుండా చేసే మార్పులు ముఖ్యంగా ఈఆర్‌జీ-11 అనే జన్యువులోను, ఎకినోకాండిన్‌లకు లొంగకుండా చేసేవి ఎఫ్‌కేఎస్-1 అనే జన్యువులోను ఏర్పడతాయి. రెండవ రకం మార్పు ఒక నగరపు మురుగులో కొత్తగా కనిపిస్తే, చివరి అస్త్రం కూడా మొద్దుబారుతున్నదని అక్కడి వైద్యులు ముందుగానే గ్రహించే వీలుంటుంది. ఈ నిఘాలో అసలు విలువ ఇక్కడే ఉంది.

హైదరాబాద్ చెప్పే పాఠాలు

మురుగునీటి నిఘా మన దేశానికి కొత్త కాదు. 2001లో ముంబైలో పోలియో వైరస్ కోసం ఇది ఆరంభమైంది. తర్వాత ఢిల్లీ, పాట్నా, కోల్‌కతా, హైదరాబాద్ తదితర నగరాలకు విస్తరించింది. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో కేసు నమోదు కాలేదు. 2014లో దేశం పోలియో రహితమని ధ్రువీకరణ పొందింది. ఆ తర్వాత కూడా కాలువలపై నిఘా ఆగలేదు.

దాని ప్రయోజనం 2016లో హైదరాబాద్‌లో కనిపించింది. అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం నుంచి సేకరించిన నమూనాలో టీకా నుంచి పుట్టిన టైప్-2 పోలియో వైరస్ బయటపడింది. ఒక్క బిడ్డకు కూడా పక్షవాతం రాకముందే ప్రభుత్వం కదిలింది. ఆ ఏడాది జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాలలో సుమారు మూడు లక్షల మంది పిల్లలకు పోలియో ఇంజక్షన్లు ఇచ్చింది. కాలువ హెచ్చరించింది, యంత్రాంగం విన్నది, పిల్లలు క్షేమంగా బయటపడ్డారు.

2020 ఆగస్టులో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రజ్ఞులు నగరపు మురుగునీటిని పరీక్షించి, సుమారు 6.6 లక్షల మందికి కోవిడ్ సోకి ఉండవచ్చునని అంచనా వేశారు. అధికారిక లెక్కలకు అందని సంఖ్య అది. బెంగళూరు, పూణే నగరాలలో కూడా ఇటువంటి నిఘా వ్యవస్థలు ఏర్పడ్డాయి.

ఇదే నగరానికి సంబంధించిన మరో సంగతి ఇక్కడ ప్రస్తావనార్హం. హైదరాబాద్ పరిసరాలలోని ఔషధ పరిశ్రమల ప్రాంతంలో 2016 నవంబరులో జర్మనీ శాస్త్రజ్ఞులు నీటి నమూనాలు సేకరించారు. ఒక మురుగు కాలువలో లీటరు నీటికి సుమారు 237 మిల్లీగ్రాముల ఫ్లూకొనజోల్ ఉన్నట్టు 2017లో వారు ప్రకటించారు. చికిత్స పొందే రోగి రక్తంలో ఉండే మోతాదుకు ఇది ఎన్నో రెట్లు అధికం. ఆ అధ్యయనం ప్రధానంగా మందులకు లొంగని బాక్టీరియాకు సంబంధించినది. దానిని బట్టి అక్కడే కాండిడా ఆరిస్ పుట్టిందని చెప్పడానికి వీలులేదు. కాని శిలీంధ్రాలు, వాటిని చంపే మందు ఒకే నీటిలో ఏళ్ల తరబడి కలిసి ఉంటే, ఆ మందును తట్టుకున్నవే మిగులుతాయన్నది జీవశాస్త్రంలో ప్రాథమిక సూత్రం.

పారిశ్రామిక వ్యర్థజలాలలో యాంటీబయాటిక్‌ల అవశేషాలకు పరిమితులు విధిస్తూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా ప్రకటించింది. 2021లో వెలువడిన తుది నిబంధనలలో ఆ పరిమితులు చోటు చేసుకోలేదు.

పొలాలలో, సముద్రతీరంలో

ఆసుపత్రి గోడల వెలుపల కూడా ఈ సమస్యకు వేళ్లున్నాయి. అండమాన్ దీవులలోని ఉప్పునీటి చిత్తడి నేలలో, ఇసుక తీరంలో కాండిడా ఆరిస్ సహజంగా ఉన్నట్టు డాక్టర్ చౌదరి బృందం 2021లో కనుగొన్నది. ప్రకృతిలో దీని నివాసం బయటపడడం అదే మొదటిసారి. చిత్తడి నేలలో దొరికిన వాటిలో ఒకటి మందులకు లొంగే రకం కావడం విశేషం. తీరప్రాంతపు ఇసుకలో దొరికినవి మందులకు లొంగని రకాలు. 2022లో అదే బృందం ఉత్తర భారతంలో నిల్వ చేసిన ఆపిల్ పండ్ల తొక్కలపై కూడా దీనిని గుర్తించింది. చెట్టు నుంచి అప్పుడే కోసిన పండ్లపై అది కనిపించలేదు.

పంటలకు, పండ్లకు చల్లే శిలీంధ్ర నాశకాలలో కొన్ని, మనుషులకు ఇచ్చే అజోల్ మందులకు దగ్గరి బంధువులు. ఊపిరితిత్తులకు సోకే ఆస్పర్‌జిల్లస్ అనే మరో బూజు ఈ పొలం మందుల వల్లనే అజోల్‌లకు అలవాటు పడిందని నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు చాలాకాలం క్రితమే ఎత్తిచూపారు. అటువంటి రకాలు భారతదేశపు మట్టిలో కూడా ఉన్నట్టు 2012లో తేలింది. ఈ దృష్ట్యా మురుగునీటి నిఘా ఒక్క కాండిడా ఆరిస్‌కే పరిమితం కానక్కరలేదన్న వాదన బలపడుతోంది.

అడ్డంకులు తక్కువేమీ కాదు

అమెరికాలో సాధ్యమైనది ఇక్కడ యథాతథంగా సాధ్యం కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021లో వెల్లడించిన లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాలలో రోజుకు 72,368 మిలియన్ లీటర్ల మురుగునీరు ఉత్పత్తి అవుతోంది. అందులో శుద్ధి అవుతున్నది 20,236 మిలియన్ లీటర్లు మాత్రమే. మిగిలినదంతా తెరచిన కాలువల గుండా చెరువులకు, నదులకు చేరుతోంది. శుద్ధి కేంద్రం వద్ద మాత్రమే నమూనా తీస్తే నగరంలో అధిక భాగం నిఘాకు అందదు. సెప్టిక్ ట్యాంకులున్న ఇళ్ల సంగతి సరేసరి. వర్షాకాలంలో వాననీరు కలిసి మురుగు పలచబడితే ఫలితాలు తారుమారు కావచ్చు.

అందువల్ల మొదట పెద్ద ఆసుపత్రుల నుంచి వెలుపలికి వచ్చే కాలువ వద్ద, పోలియో కోసం ఇప్పటికే నమూనాలు సేకరిస్తున్న చోట్ల దీనిని ఆరంభించడం ఆచరణకు దగ్గరగా ఉంటుంది. ఒకే సీసాలోని నీటితో రెండు పరీక్షలూ జరపవచ్చు. కరాచీ వంటి నగరాలలో పోలియో నిఘా నిత్యకృత్యం గనుక పొరుగుదేశానికి కూడా ఈ మార్గం తెరిచే ఉంది.

మురుగునీరు ఎవరికి సోకిందో చెప్పదు, ఎక్కడ ఉందో మాత్రమే చెబుతుంది. హెచ్చరిక వచ్చాక ఆసుపత్రిలో కొత్తగా చేరే రోగుల చంకల నుంచి, గజ్జల నుంచి నమూనాలు తీసి పరీక్షించాలి. శిలీంధ్రం ఉన్నవారిని వేరు గదులలో ఉంచాలి. గదులను క్లోరిన్ ద్రావణంతో శుభ్రపరచాలి. సిబ్బంది చేతులు కడుక్కునే పద్ధతి కట్టుదిట్టం కావాలి. ఈ శిలీంధ్రాన్ని కచ్చితంగా గుర్తించగల ప్రయోగశాల అందుబాటులో ఉండాలి. ఇవేవీ లేనిచోట కాలువ చేసే హెచ్చరిక అరణ్యరోదనమే అవుతుంది.

పేరు చెడుతుందన్న భయం మరో అడ్డంకి. తమ ఆసుపత్రి కాలువలో మొండి శిలీంధ్రం ఉందని లోకానికి తెలియడం ఏ యాజమాన్యానికీ రుచించదు. ఫలితాలను శిక్షించడానికి కాక, సహాయం అందించడానికి వాడతామన్న భరోసా ప్రభుత్వం ఇవ్వగలిగితేనే నమూనాలు ఇచ్చేవారు ముందుకు వస్తారు. అదే సమయంలో తమ బంధువును చేర్పిస్తున్న వార్డులో ఏముందో తెలుసుకునే హక్కు రోగి కుటుంబానికి లేదా అన్న ప్రశ్నకు కూడా సమాధానం చెప్పవలసి ఉంటుంది.

నిర్ణయం కోసం నిరీక్షణ

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మురుగునీటి నిఘాను 5 నగరాల నుంచి 50 నగరాలకు విస్తరించనున్నట్టు 2025లో ప్రకటించింది. పది వైరస్‌లను ఇందుకు ఎంపిక చేసింది. నమూనాలు సేకరించే సిబ్బంది, వాటిని చల్లగా తరలించే ఏర్పాటు, పీసీఆర్ యంత్రాలు ఈ పథకంతో సమకూరుతాయి. వైరస్‌ల కోసం సిద్ధమయ్యే ఈ వ్యవస్థకు శిలీంధ్ర పరీక్షను జోడించడానికి కొత్తగా కాలువలు తవ్వనక్కరలేదు. కావలసింది ప్రయోగశాలలకు అదనపు శిక్షణ, కొంత నిధి, ఒక స్పష్టమైన నిర్ణయం.

కాండిడా ఆరిస్ దేశంలో బయటపడి చాలా ఏళ్లు గడిచాయి. ప్రపంచంలో దీని జన్యుపరమైన వంశాలలో ఒకదానికి శాస్త్రజ్ఞులు దక్షిణాసియా వంశమనే పేరు పెట్టారు. ఆ పేరు మోస్తున్న ప్రాంతమే దాని కదలికలను కనిపెట్టడంలో వెనుకబడితే, ఆ మూల్యం చెల్లించేది ఇంటెన్సివ్ కేర్‌లో మృత్యువుతో పోరాడుతున్న రోగులే. చేతులు కాలిన తర్వాత ఆకులు పట్టుకోవడం బ్లాక్ ఫంగస్ సమయంలో ఒకసారి అనుభవమైంది. పోలియో విషయంలో మాత్రం చేతులు కాలకముందే దేశం మేలుకున్నది. రెండు దారులూ దేశానికి తెలిసినవే.